ఇటుక మునగాలంటే లెక్క కుదరాలి

హనుమకొండ శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వీడియో గేముల పోటీ అంటే చూడటానికి వెళ్లాను. కంప్యూటర్ గదిలో ఒక్కో తెర ముందు ముగ్గురేసి పిల్లలు. సైన్సు పాఠంలోని ఒక సంగతితో సొంతంగా ఆట తయారుచేయాలి, అదీ పోటీ.

వాళ్లు వాడుతున్నది స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ 2007లో పిల్లల కోసం దీన్ని ఉచితంగా విడుదల చేసింది. ఆదేశాలు రంగురంగుల దిమ్మెల్లా ఉంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీద బొమ్మ కదులుతుంది.

కిటికీ పక్కన కూర్చున్న జట్టు రామప్ప గుడిని ఎంచుకుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని ఇక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీళ్ల ఆటలో ఇటుకలు చెరువులో పడతాయి. తేలినవి ఏరి శిఖరం కట్టాలి. తీరా ఆడిస్తే మామూలు ఇటుక తేలింది, రామప్ప ఇటుక మునిగింది!

"ఇది ఎందుకు మునుగుతలేదు సార్?" అంది ఒక అమ్మాయి.

"సాంద్రత ఎట్ల లెక్కగట్టినవ్?" అన్నారు సార్.

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించాల్సింది తలకిందులు చేశారు. సరిదిద్దగానే, ఘన సెంటీమీటరుకు గ్రాము దాటిన ఇటుక బుడుంగుమంది. పరీక్షలో సూత్రం తప్పితే మార్కు పోతుంది. ఇక్కడ తప్పితే గుడే లేవదు.

పక్క జట్టుది మామిడికాయలు రాలే ఆట. కాయలు మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో దిగుతున్నాయి. సార్ సుద్దముక్క వదిలి చూపించారు. పిల్లలు క్షణక్షణానికి వేగం పెరిగే దిమ్మె చేర్చారు. తర్వాత గురుత్వాకర్షణను ఆరో వంతుకు తగ్గించి, చంద్రుడి మీద మామిడితోట వేశారు.

అమెరికాలో అప్పటి అధ్యక్షుడు ఒబామా 2010లోనే బడిపిల్లలకు జాతీయ స్థాయిలో ఇలాంటి పోటీని ప్రకటించారు. ఆటల మీది ఇష్టాన్ని సైన్సు, లెక్కల వైపు మళ్లించాలన్నది ఆలోచన. మన దగ్గర కూడా తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఒక విధానం ప్రకటించింది. పరిశ్రమకు మనుషులు కావాలంటే మొదలు బడిలోనే పడాలి.

చప్పట్లు ఎక్కువగా పడ్డది మాత్రం గ్రహాలను పేల్చే ఆటకు. బొమ్మలు బాగున్నాయి, కానీ అందులో సైన్సు పైపూతే. ప్రశ్నకు జవాబు చెబితే తుపాకీ పేలుతుంది. పుస్తకంలోని బిట్లు తెరకెక్కాయంతే. ఆట నియమమే సైన్సు నియమం అయినప్పుడు పిల్లలు ఆలోచిస్తారు. న్యాయనిర్ణేతలు సగం మార్కులు దానికే కేటాయించాలి.

స్క్రాచ్‌ను ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. కాబట్టి ఖర్చు సాకు కాదు. ఊళ్లో నిట్ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు నెలకో శనివారం దగ్గరలోని బడికి వస్తే చాలు. ప్రధానోపాధ్యాయులు వాళ్లను పిలవాలి, కంప్యూటర్ గది తాళం తీయాలి.