వ్రాసియుంచిన జవాబులు

ఇంగువ డబ్బా యెక్కడనున్నదో, పాలవాని లెక్క యెంతయో ఒక్క యిల్లాలికే తెలిసియుండుట మన గృహములలో క్రొత్త కాదు. ఆమె రెండు దినములు పుట్టింటి కేగినచో ఇల్లంతయు తడవుకొనవలసినదే. ఇట్టి చిక్కే నాకొక యంత్రము విషయమై కలిగినది.

నేను విజయవాడలో సింగునగరునందు ఇంటియొద్దనే కొన్ని దుకాణముల లెక్కలు కంప్యూటరుపై వ్రాయుచుందును. ఒరుల లెక్కలు పరుల కంట బడకుండ కాచుట మన పూచీ. అందుకై మా తమ్ముడొక చిన్న పెట్టె నమర్చిపెట్టెను. దానిని ఫైర్‌వాల్ అందురు. డెల్టావారికి దాని పని చెప్పుట సులభము. బెజవాడ యొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన బ్రదుకులు తూములతో ముడివడినవి. 1957లో ప్రకాశం బారేజి వచ్చినను పద్ధతి యదియే. ఫైర్‌వాలును ఒక తూమే. బయటినుండి వచ్చు సమాచారమునకు తలుపులన్నియు ముందుగా మూసి, మనము రమ్మన్నదానికి మాత్రమే తెరచును.

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు మా పేటను ముంచెను. మరునాడు ప్రకాశం బారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చెను. మేము మేడమీదికెక్కి ప్రాణములు దక్కించుకొంటిమి గాని, క్రిందిగదిలోని పెట్టె బురదపాలయ్యెను. లెక్కల ప్రతులు వేరొకచోట నుండుటచే అవి దక్కినవి. నీరు తీసినపిదప క్రొత్త పెట్టెయు కొంటిమి. కాని దానికి పని నేర్పువా రెవరు? తమ్ముడు అమెరికాలో నున్నాడు; మనకు పగలైనపుడు వారికి రాత్రి. అతడు ఫోనులో చెప్పుట, నేను టైపుచేయుట, ఒక జవాబు తప్పుట, మరల మొదటికి వచ్చుట; ఇట్లు నాలుగు రాత్రులు గడచెను. పన్నులెక్కల గడువు దగ్గర పడుచుండెను. నాలుగవ రాత్రి నాకు తోచినది: యంత్ర మడుగు ప్రశ్నలు మారుట లేదు, నేనిచ్చు జవాబులును మారుట లేదు. వీనిని ఒక్కసారి వ్రాసియుంచరాదా?

ఉంచవచ్చునని తమ్ముడు చెప్పెను. మా పెట్టెలోనిది ఓపెన్ బి.ఎస్.డి. అను ఆపరేటింగ్ సిస్టమ్. 1995లో థియో డి రాట్ అను నతడు దాని నారంభించెను. దానికి వెల లేదు. అందలి ఫైర్‌వాల్ భాగమును పి.ఎఫ్. అందురు, అది 2001 నుండి యున్నది. ఎవరును ప్రక్కన కూర్చుండకయే తన్ను తాను ఎక్కించుకొను నేర్పు 2014 నాటి 5.5వ కూర్పుతో దాని కబ్బినది.

పద్ధతి యిట్టిది. సామగ్రి యంతయు గల పూర్తి ప్రతిని పెన్‌డ్రైవులోనికి వ్రాయవలెను. అప్పుడు ఇంటర్నెట్టు లేకున్నను పని సాగును. పిదప ఒక చిన్న జాబితా కావలెను: వరుసకొక ప్రశ్న, సమాన చిహ్నము, జవాబు. యంత్రము పేరేమి, ఏ డిస్కుపై ఎక్కవలెను, ఏ దేశపు కాలమానము మొదలైనవి అందుండును. ఆ జాబితాను ఎక్కించు కార్యక్రమము కడుపులోనే చేర్చివేయవలెను. మన తూము నియమములను వేరొక మూటగా కట్టి ప్రక్కన నుంచినచో, అన్నిటికిని చివర ఆ మూట విప్పబడును. పెన్‌డ్రైవు గ్రుచ్చి యంత్రమును వెలిగించినంతనే అయిదు సెకనులు వేచియుండి, తన పని తాను చేసికొనిపోవును.

ఇంత సొగసైన దానిలో ఒక ముల్లున్నది. ప్రశ్న యడుగని పనివాడు సందేహింపనైన సందేహింపడు. మొదటి పరీక్షకై నేను మేడమీద మూలనున్న పాత కంప్యూటరును తీసితిని. నేను వ్రాసిన జవాబు ప్రకారము అది మొదటి డిస్కును తుడిచివేసెను. అందు మా అమ్మాయి పెండ్లి ఫొటోలున్నవని నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది! కొన్ని గుడివాడలోని మా ఆడపడుచు కడ దొరకెను, తక్కినవి పోయెను. వరద తీసికొనిపోనిదానిని నా చేతులారా నేనే పోగొట్టుకొంటిని. ఆ రాత్రి నాకు అన్నము సహింపలేదు.

నాటినుండి కొన్ని కట్టుబాట్లు చేసికొంటిని. పెన్‌డ్రైవునకు ఎఱ్ఱని దారము కట్టి, ‘దీనిని పెట్టిన యంత్రములోని దంతయు పోవును’ అను చీటీ యంటించితిని. పరీక్షలకు వట్టి యంత్రమునే వాడుదును. రహస్యపదమును ఉన్నదున్నట్లు వ్రాయక, మారురూపున వ్రాసితిని. అయినను పెన్‌డ్రైవును బీరువాలో తాళమువేసి యుంచెదను. ఆ సిస్టమ్ ఆరునెలల కొకసారి క్రొత్త కూర్పుగా వెలువడును గనుక, ఏటికి రెండుమారులు దానిని క్రొత్తగా తయారుచేయుదును.

మొన్న మా కోడలిని పిలిచి, వట్టి పెట్టెను, ఆ పెన్‌డ్రైవును చేతికిచ్చి, నేను వంటింటిలోనికి బోయితిని. ఆమెకు ఈ విద్య యేమియు తెలియదు. అన్నము వార్చి వచ్చుసరికి పెట్టె సిద్ధమైయున్నది. “అత్తయ్యా! ఇది నన్నొక్క ప్రశ్నయైనను అడుగలేదే!” అని ఆమె ఆశ్చర్యపడెను. “నన్నెన్నియో అడిగినదమ్మా, ఆ నాలుగు రాత్రులును,” అంటిని.

మరల బుడమేరు పొంగరాదనియే నా కోరిక. పొంగినను తమ్ముని నిద్ర లేపనక్కరలేదు. నేను లేకున్నను మాయింట పని నిలువదు. సోదరీమణులారా! మీ యిండ్లలోను ఒక్కరికే తెలిసిన సంగతి యేదో యుండకపోదు. నీరు రాకమునుపే దానిని వ్రాసియుంచుడు; వ్రాసినపిదప మరియొకరిచేత చేయించి చూడుడు.