గుండె గీతలో వణుకు

మొన్న శీతాకాలంలో ఒక ముసలమ్మను కళ్ళు తిరుగుతున్నాయని తీసుకొచ్చారు. ఆవిడకు పేస్‌మేకరు ఉంది. చలికి వణకడంతో ఇ.సి.జి. గీత రంపపు పళ్ళలా వచ్చింది. కుర్ర టెక్నీషియను ఫిల్టరు వేశాడు. గీత నున్నబడింది, దానితోపాటు పేస్‌మేకరు వల్ల పడే ముళ్ళలాంటి గీతలూ మాయమయ్యాయి! "లోపలి మిషను ఆగిపోయిందా డాక్టరుగారూ?" అంటూ కొడుకుకు ఏడుపొక్కటే తక్కువ. నాడి చూస్తే నిమిషానికి 70, నిక్షేపంగా ఉంది. దుప్పటి కప్పించి, ఫిల్టరు తీయించి మళ్ళీ తీస్తే ముళ్ళన్నీ కనిపించాయి. (కళ్ళు తిరగడం ఏకాదశి ఉపవాసం చలవ!)

సెకనుకు 40 సార్లకు మించి ఊగేదాన్నల్లా అణిచేయడమే ఆ ఫిల్టరుకు తెలుసు. వేవ్‌లెట్ పద్ధతి అలా కాదు. 1980ల మొదట్లో జాఁ మోర్లే అనే ఫ్రెంచి ఇంజనీరు, భూమిలో చమురు వెదికే ప్రతిధ్వనులను చదవడానికి దీన్ని వాడాడు. ఒక చిట్టి అలను సాగదీస్తూ, కుదిస్తూ గీత పొడుగునా ఆనించి చూస్తారు. ఊపు ఎంత వేగమో కాక, ఏ క్షణాన వచ్చిందో కూడా తెలుస్తుంది. అందుచేత ఠక్కున లేచే ముల్లును ఉంచి, అడుగున పరుచుకున్న సన్నని వణుకును తీసేయవచ్చు. అయితే వణుకే ముల్లంత పెద్దదైతే అదీ పొరబడుతుంది.

కనుక ఇ.సి.జి.కి పడుకున్నప్పుడు వెచ్చగా కప్పుకోండి, కాళ్ళూచేతులూ వదులుగా ఉంచండి, మాట్లాడకండి. పేస్‌మేకరుంటే ముందే చెప్పండి.