ఒక పన్ను తేడా

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి క్యామ్ షాఫ్టుతో ఏమి పని అని మా గణితశాస్త్ర మిత్రులు నవ్వినారు. నవ్వినవారే తరువాత అట్ట మీద 360 డిగ్రీల చక్రం గీసి యిచ్చినారు గనుక ఆ నవ్వును నేను మనసులో పెట్టుకోలేదు.

గోదావరిఖనిలో మా అబ్బాజాన్ సింగరేణి వర్కుషాపు ఫిట్టరు. ఆయన కన్నుమూసిన తరువాత ఇంటి వెనుక రేకుల షెడ్డులో మిగిలినది 1978 నాటి 350 సీసీ బుల్లెట్. మద్రాసులో 1955 నుంచి తయారైన వంశంలోనిది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. రెండవ షిఫ్టు దిగి ఆయన వస్తూంటే సందు మలుపులోనే ఆ శబ్దం విని అమ్మీ పొయ్యి మీద పెనం పెట్టేది. తమ్ముడు దానిని పాత ఇనుము వానికి ఇచ్చివేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంజను విప్పి తిరిగి బిగించెదనని మాట యిచ్చినాను.

ఈ ఇంజనులో క్రాంకు చివర చిన్న పినియన్, దాని సరసన రెండు క్యామ్ గేర్లు ఉంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్కటే చుట్టు. పళ్ళ మీది చుక్కలు ఎదురెదురుగా నిలిస్తే టైమింగు కుదిరినట్లు. అయితే ఇన్లెట్ గేరు మీద చుక్కగాక, పక్క పన్ను మీద పంచితో కొట్టిన మరొక గుర్తు కనబడింది. ముసలితనంలో చూపు ఆనక అబ్బాజాన్ పొరబడి ఉంటారని జాలిపడి, చుక్కకు చుక్కనే కలిపి బిగించినాను. ఇంజను మొదలైంది గాని లాగదు. కార్బురేటరు నోట పెట్రోలు పొగ వెనక్కు చిమ్ముతున్నది. చౌరస్తా దగ్గరి ముసలి మేస్త్రీ వచ్చి విని, “సారూ, చుక్క చూసిండ్రు గానీ కొలిచిండ్రా?” అన్నాడు.

కొలవడంలో మొదటి చిక్కు పిస్టను శిఖరాన్ని పట్టుకోవడమే. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఈ ఇంజనులో, శిఖరం దాటి క్రాంకు 5 డిగ్రీలు తిరిగినా పిస్టను దిగేది సుమారు మిల్లీమీటరులో ఐదవ వంతు. కంటికేమి తెలుస్తుంది? అందుకని ప్లగ్గు రంధ్రంలో అడ్డుకడ్డీ బిగించి, క్రాంకును మెల్లగా అటూ యిటూ త్రిప్పి, పిస్టను తగిలిన రెండుచోట్లా చక్రం మీది అంకె చూడవలెను. నాకు ఒకవైపు 38, మరొకవైపు 46 వచ్చినవి. అసలు శిఖరం రెండింటికీ నడుమ. నేను శూన్యమనుకొన్నచోటికి 4 డిగ్రీలు ఆవల. ఆ మేరకు చక్రాన్ని జరిపి, వాల్వు మీద డయల్ గేజీ నిలిపి చూచినాను.

మాన్యువల్ ప్రకారం ఇన్లెట్ వాల్వు శిఖరానికి 30 డిగ్రీలు ముందు తెరచుకొని, అడుగు దాటిన 60 డిగ్రీలకు మూసుకోవలె. నాకు వచ్చినవి 16, 74. అరిగిన క్యామ్ అయితే ఆలస్యంగా తెరచి పెందలకడ మూసేది. తెరచి ఉండే కాలం తగ్గేది. ఇక్కడ మొత్తం 270 డిగ్రీలు చెక్కుచెదరలేదు. రెండంకెలూ 14 డిగ్రీలు ఒకేవైపు జరిగినవి. అంటే క్యామ్ బాగున్నది, కూర్చున్నచోటే తప్పు. పీల్చిన గాలిలో కొంత పైకి వస్తున్న పిస్టను వెనక్కే నెడుతున్నది.

గేరు తీసి, అబ్బాజాన్ గుర్తుకు కలిపి మళ్ళీ కొలిచినాను. 29, 61. మిగిలిన ఒక డిగ్రీ నా అట్టచక్రానిదే కావచ్చు.

ఆ రాత్రి ఆయన నోటుపుస్తకం తీసినాను. ఆయన ఉర్దూలో వ్రాసుకొనేవారు. తెలుగు మీడియంలో చదివిన నేను దానిని కూడబలుక్కొని చదవవలసిందే. అందుకే ముందు తెరవలేదు. ఇన్లెట్ గేరు మార్చిన రోజు తేదీ, దాని క్రింద ఒక్క వాక్యం: కొత్త గేరు మీది చుక్క తప్పు, నా గుర్తు చూడవలెను.

మరునాడు పుష్‌రాడ్లు వేళ్ళకు తిరుగుతూ, పైకీ క్రిందికీ ఆడకుండా సరిచేసి కిక్కు కొట్టినాను. వంటింట్లో నుంచి అమ్మీ బయటికి వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడింది.