పక్క ప్లాటు పంట

చీర కుచ్చిళ్ళకు పట్టిన ఉత్తరేణి ముళ్ళు ఒక్కొక్కటే పీకడం ఎంత విసుగో అనుభవించిన వాళ్ళకే తెలుసు. అందులోనూ నేతచీరయితే ముల్లుతోపాటు పోగూ వస్తుంది. మేం ముత్తంగిలో ఇల్లు కట్టుకున్నది 1986లో. అప్పటినుంచీ మా పక్క ప్లాటు ఖాళీయే. దాన్ని అడ్డంపడి పాలావిడ ఇంటికి వెళితే ఐదు నిమిషాలు కలిసొస్తాయి. దానికి నేను కట్టే సుంకం అరగంటసేపు ముళ్ళేరుకోవడం!

"అవి ముళ్ళు కాదమ్మా, కాయలు" అంటుంది మా అమ్మాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది లెండి. ఉత్తరేణి కంకిమీద కాయలు కిందికి వంగి ఉంటాయి, వాటికి సూదుల్లాంటి రేకులు. మేక బొచ్చో మన కొంగో, ఏది రాసుకుంటే దాన్ని పట్టుకుని ఊరేగడమే. ఇలాంటి కాయలే 1941లో స్విట్జర్లాండులో జార్జి ద మెస్ట్రాల్ అనే ఇంజినీరు బట్టలకీ, ఆయన కుక్కకీ అంటుకున్నాయట. మనలాగా తిట్టుకుని పారెయ్యకుండా మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడాయన. పిల్లల బూట్లకు చర్రుమని ఊడే పట్టీ ఉంటుందే, ఆ వెల్క్రో అలా పుట్టింది.

అసలు కాయేదో పండేదో వంటింట్లో మనం తేల్చుకున్నాం గానీ, శాస్త్రం వాళ్ళ లెక్క వేరు. వంకాయా, టమాటా, బెండకాయా అన్నీ వాళ్ళకి ఫలాలే. మామిడీ, రేగూ, వేపా టెంక ఉన్న కులం. సీతాఫలం ఒక్క పువ్వులోంచి వచ్చిన బోలెడు ఫలాల ముద్దట. పనసపండేమో బోలెడు పువ్వులు కలిసి కట్టిన ఉమ్మడి కాపురం. జీడిమామిడిలో మనం పండనుకునేది ఉబ్బిన తొడిమ, అసలు ఫలం కింద వేలాడే జీడికాయ. ఇక వేరుశనగ పువ్వు పైన పూసి, ఊడ దింపి, తన కాయను తనే మట్టిలో పాతుకుంటుంది. ఆ ముందుచూపు మా ఇంట్లో ఒక్కళ్ళకీ లేదు.

మరి ఈ కాయలన్నీ ఇల్లొదిలి పోవడమెందుకు? తల్లిచెట్టు నీడలో పిల్లమొక్కకు ఎండా నీళ్ళూ అందవు కాబట్టి. మా అమ్మాయి ఈ మాట చెప్పగానే అత్తగారు, "అందుకేనే, ఆడపిల్లను అత్తారింటికి పంపేది" అన్నారు. "మగపిల్లలు మాత్రం కొంగు పట్టుకునే ఉన్నారా అత్తయ్యా, మీ మనవడు అమెరికాలో లేడూ?" అంటే, వాడు గాలికి పోయే రకమన్నారు!

గాలికి పోయేది జిల్లేడు. కాయ పగిలితే ఒక్కో గింజా పట్టుకుచ్చు గొడుగేసుకుని లేస్తుంది. ఆముదం ఎండకు టప్పుమని పేలుతుంది. పల్లేరుకాయ సైకిలు టైర్ల పాలిటి శత్రువు. తుమ్మకాయలు మేకల లెక్క. "మేకలు తిన్నయే మంచిగ మొలుస్తయమ్మా, ఉత్తగ ఏస్తే తొందరగ లేవయ్" అన్నాడొకసారి మేకలాయన. గట్టి పెంకు మేక కడుపులో నానితేగానీ నీళ్ళు లోపలికి దిగవన్నమాట. వయ్యారిభామ సంగతి చెప్పనే వద్దు. 1950లలో దిగుమతి గోధుమలతో మనదేశానికి వచ్చిందంటారు, ఇప్పుడు ఈ బొంబాయి రోడ్డు పొడుగునా దానిదే రాజ్యం.

మనిషి దగ్గరికి చేరిన గింజలకు మాత్రం ఈ ప్రయాణాలు తప్పాయి. అడవిజొన్న పండగానే గింజ రాలుస్తుంది. రాల్చని కంకుల్నే ఏరి ఏరి విత్తనం కట్టారు మన పూర్వీకులు, అందుకే చేనిజొన్న కోసేదాకా కాచుకుని ఉంటుంది. నువ్వు ఇంకా పూర్తిగా మాట వినలేదు, కోత ఆలస్యమైతే కాయ నోరు తెరిచి గింజ నేలపాలే. మాకు దగ్గర్లోనే పటాన్‌చెరు ఇక్రిశాట్ ఉంది, 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి 1,20,000కు పైగా విత్తన నమూనాలు అక్కడ చల్లటి గదుల్లో దాచారు. ఉత్తరధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తనాల ఖజానాకూ ఇక్కడినుంచి పంపారు. పోపుల డబ్బాలో చిల్లర దాచినట్టు ఎంత భద్రమో!

ఈ ఏడు పక్క ప్లాటు అమ్ముడుపోయింది. ఔటర్ రింగు రోడ్డు పడ్డాక ఇక్కడ ఖాళీ నేల మిగలదని అందరికీ తెలిసిందే. వినాయకచవితికి ఉత్తరేణీ, జిల్లేడూ, రేగూ, ఉమ్మెత్తా, గరికా అన్నీ అందులోనే కోసుకునేవాళ్ళం. జేసీబీ ఒక్క పూటలో చదును చేసేసింది. ఇక పత్రి బజార్లో కట్టలుగా కొనుక్కోవాలి. అందులో సగం ఏ ఆకో అమ్మేవాడికే తెలియదు.

మిగిలింది మా పిట్టగోడ మీది రావిమొక్క. ఏ గోరింకో పండు తిని పగుల్లో వేసిన గింజ అది. గోడకు బీట పెరుగుతోందని మేస్త్రీ యాసిడ్ పోద్దామన్నాడు. మావారు సరేనన్నారు. అత్తగారు కంచం ముందునుంచి లేచిపోయారు. "ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పుడు రావిని చంపిన పాపం నాకొద్దు." రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాకు పాపపుణ్యాల పట్టింపు తక్కువే గానీ, పక్కన అంత పచ్చదనం పోయాక ఇదీ పోవడానికి మనసొప్పలేదు. "కూలి నేనిస్తాను, ఇటుకలు ఊడదీసి వేరుతో తియ్యి" అన్నాను మేస్త్రీతో. మూడు ఇటుకలు ఊడాయి, తల్లివేరు సగం తెగింది. బతకదన్నారు మావారు.

తొలకరికి గుడి వెనక పాతాం. మొన్న చూస్తే లేత రాగిరంగు ఆకులు నాలుగు. చుట్టూ కంపైనా కట్టించాలి, మేకలు అటే తిరుగుతున్నాయి.