బొంతల స్టూడియో

ఐదు వేల రూపాయల్లో ఇంట్లో రికార్డింగ్ గది తయారవుతుందా అని నాన్న అడిగారు. కాగితం మీద లెక్క రాసి చూపించాను. యూఎస్‌బీ మైకు 2,400, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు 1,200, బల్లకి బిగించే స్టాండు 500. మొత్తం 4,100. మిగిలినదానితో రెండు పెన్‌డ్రైవ్‌లు. కంప్యూటర్ నాన్న పాత లాప్‌టాప్. అందులో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, అది ఉచితం. నాన్న లెక్క రెండుసార్లు కూడి సరే అన్నారు.

ఇదంతా మా అమ్మమ్మ కోసం. ఆమెది శ్రీకాకుళం జిల్లా. ఈ చలికాలం మా దగ్గర ఉండటానికి ఖరగ్‌పూర్ వచ్చింది, సంక్రాంతికి వెళ్ళిపోతుంది. ఊడ్పుల పాటలు, దంపుడు పాటలు, జోలపాటలు ఆమెకి ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. ఇప్పుడు రెండు చరణాలకే ఆయాసం వస్తోంది. తాతయ్య గొంతు ఒక క్యాసెట్‌లో ఉండేది. రెండు ట్రాన్స్‌ఫర్ల క్రితం సామాను లారీ వానలో తడిసింది, ఆ పెట్టె కూడా తడిసింది. క్యాసెట్ ఇప్పటికీ ఉంది కానీ అందులో గొంతు లేదు. మా తమ్ముడు తాతయ్య మాట ఎప్పుడూ వినలేదు.

దుకాణంలో రెండు రకాల మైకులు చూపించారు. ఒకటి మామూలుగా పెద్ద స్టూడియోల్లో వాడేది. దానికి ఇంటర్‌ఫేస్ అనే ఇంకో పెట్టె కావాలి, అందులోంచి 48 వోల్టుల కరెంటు మైకుకి అందాలి. ఆ పెట్టె ఖరీదే మా మొత్తం బడ్జెట్‌ని దాటిపోతుంది. రెండోది నేరుగా లాప్‌టాప్‌కి తగిలించేది. నేను దాన్నే తీసుకున్నాను. మైకుకే హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉందో లేదో మాత్రం పట్టుబట్టి చూశాను. అది లేకపోతే మన గొంతు లాప్‌టాప్ దాకా వెళ్ళి కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. అలా వింటూ పాడితే తాళం తప్పక మానదు.

అసలు కష్టం మైకుతో కాదు, గదితో. ట్రాన్స్‌ఫర్ అయి కొత్త క్వార్టర్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు, సామాను ఇంకా రాకముందు, మన మాట మనకే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది కదా! మీ అందరికీ అది తెలిసే ఉంటుంది. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే గోడ కనీసం 17.2 మీటర్ల దూరంలో ఉండాలని చదివాం. మా గది పొడవు 12 అడుగులు. అంటే ప్రతిధ్వని విడిగా రాదు, గోడ నుంచి గోడకి కొట్టుకుంటూ అసలు మాటలోనే కలిసిపోయి దాన్ని అలికేస్తుంది. పరుపులు, బట్టలు, పుస్తకాలు సర్దాక ఇల్లు ఇల్లులా వినపడటానికి కారణం, అవి శబ్దాన్ని పీల్చుకోవడమే.

గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించమని మా క్లాసులో ఒకరు సలహా ఇచ్చారు. ఆ అట్ట మరీ తేలిక, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బరువైన, మెత్తటి, మందమైన గుడ్డ కావాలి. అది మా ఇంట్లో కావలసినంత ఉంది. పాత చీరలతో అమ్మమ్మ కుట్టిన బొంతలు ఏడు. ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ టీవీకి, అద్దానికి చుట్టేది వాటినే. గదిలో బట్టలారేసే తాడు మూల నుంచి మూలకి కట్టి, నాలుగు బొంతలు రెండేసి మడతలుగా వేలాడదీశాను. అవి గోడకి ఆనకుండా జానెడు దూరంలో ఉంటే ఇంకా బాగా పనిచేస్తాయి. ఒకటి నేల మీద పరిచాను. చప్పట్లు కొట్టి చూస్తే ఇదివరకటి గణగణ పోయింది.

బయటి చప్పుడుని బొంతలు ఆపలేవు. రైల్వే కాలనీలో ఉంటూ రైళ్ళని ఆగమనలేం కాబట్టి మధ్యాహ్నం వెళ్ళే గూడ్సుకీ తర్వాతి బండికీ మధ్య ఖాళీ చూసుకున్నాను. ఫ్యాన్ కట్టేయాలి, ఫ్రిజ్ కూడా. మళ్ళీ వేయడం మరిచిపోతే పాలు విరిగిపోతాయని అమ్మ ఒప్పుకోలేదు. అందుకని నా సైకిల్ తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టాను. ట్యూషన్‌కి వెళ్ళాలంటే ఆ తలుపు తీయక తప్పదు!

అంతా అమరాక అమ్మమ్మ పాడనంది. "పట్టీవోళ్ళు నేకుండా నానొక్కదాన్నే పాడితే పాటేటే?" అంది. నిజమే, ఊడ్పుల పాటని ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. ముందు అమ్మమ్మ గొంతు రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ అమ్మ వంత పాడితే రెండూ విడివిడిగా ఉంటాయి, తర్వాత హెచ్చుతగ్గులు సరిచేసుకోవచ్చు. స్టూడియోల్లో చేసేది అదే. కానీ అవతలి గొంతు వినపడకపోతే అమ్మమ్మకి తర్వాతి చరణం రావడమే లేదు. అందుకని ఇద్దరినీ ఒకే మైకు ముందు కూర్చోబెట్టాను. మా మైకు ఎదుటి శబ్దాన్ని బాగా, పక్కది తక్కువగా, వెనకది ఇంకా తక్కువగా పట్టుకుంటుంది. అమ్మమ్మ ఎదురుగా జానెడు దూరంలో, అమ్మ కాస్త పక్కగా మూడడుగుల దూరంలో. శుభ్రమైన రెండు ట్రాకుల కంటే నాకు ఇదే నచ్చింది.

మూడో రోజు మా తమ్ముడు అడక్కుండానే వచ్చి వంత అందుకున్నాడు. వాడికి ఆరేళ్ళు. బడిలో హిందీ, పక్కింటి పిల్లలతో బెంగాలీ, ఇంట్లో సగం సగం తెలుగు. పాట మధ్యలో "నారు అంటే ఏంటి?" అన్నాడు. అమ్మమ్మ పాట ఆపేసి, నారు పోయడం దగ్గర నుంచి గట్ల మీద అన్నం తినడం దాకా పావుగంట చెప్పింది. నేను రికార్డింగ్ ఆపలేదు.

మీరెవరైనా మొదలుపెడితే ఒకటి చెప్పాలి. గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తక్కువైతే పెంచుకోవచ్చు, సున్నా దాటి చిట్లిన గొంతుని బాగుచేయడం దాదాపు అసాధ్యం. పాటకి ముందు పది సెకన్లు అందరూ ఊరికే కూర్చోవాలి. ఆ ఖాళీ గది చప్పుడుని నమూనాగా చూపిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని పాటలోంచి తగ్గిస్తుంది. అతిగా తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది.

సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. ఆ లెక్కన ఒక మైకుతో నిమిషానికి ఐదు మెగాబైట్లకి కాస్త ఎక్కువ. ఎంపీ3 చేస్తే చిన్నదవుతుంది కానీ కొంత శబ్దం శాశ్వతంగా పోతుంది, కాబట్టి అసలు ఫైళ్ళు వేవ్ రూపంలోనే ఉంచాను. లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. మూడో కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ అమ్మమ్మతో ఊరికి వెళ్తుంది. నాన్నకి మార్చిలో ఆర్డరు రావచ్చు. ఈసారి ఏదీ లారీ ఎక్కదు.

ఇప్పటికి పదకొండు పాటలు అయ్యాయి. మొదటిది వినిపిస్తే అమ్మమ్మ నమ్మలేదు, తన గొంతు అలా ఉండదంది. మన గొంతు మనకి గాలిలోంచే కాక ఎముకల్లోంచి కూడా వినిపిస్తుందనీ, మైకుకి ఆ ఎముకల దారి లేదనీ చెప్పాను. "మరి మీకందరికీ ఇన్నాళ్ళూ ఇలాగే ఇనబడతందా?" అంది. తమ్ముడు అవునన్నాడు.

ఆమె మళ్ళీ విని, ఏడో పాటలో ఒక చరణం ఎగిరిపోయిందని పట్టుకుంది. రేపు గూడ్సు వెళ్ళాక అది మళ్ళీ పాడాలి. బొంతలు ఇంకా తీయలేదు.