పెద్దాపరేషన్‌కు ముందు

మా తాండాల్లో ఆపరేషన్ అంటే రెండు రకాలు. ఒకటి పిల్లల ఆపరేషన్. రెండోది పెద్దాపరేషన్, అంటే గర్భసంచి తీయించుకోవడం. వినుకొండ, మాచర్ల, మార్కాపురం వైపు ఏ మిరప చేలోకి వెళ్లినా, నలభై దాటకుండానే సంచి తీయించుకున్న ఆడవాళ్లు మా పక్క సాళ్లలోనే కాయ కోస్తూ కనిపిస్తారు.

ఇది ఒక్క మా సుగాలీల బాధే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనమే ముందున్నాం. ముందుండాల్సిన చోటు ఇది కాదు.

మాలో మేము మాట్లాడుకున్నప్పుడు ప్రతి కథా ఒకేలా మొదలవుతుంది. తెల్లబట్ట, మంట, నడుంనొప్పి, మొగుడితో కలిసినప్పుడు నొప్పి. ఇవి ఎక్కణ్ణుంచి వస్తాయో చూడాలంటే చేలోకే రావాలి. పత్తి తీతకైనా, మిరప కోతకైనా పొద్దున్నే ఆటో ఎక్కుతాం. చేలో మరుగుండదు, చుట్టూ మొగవాళ్లుంటారు. అందుకని నీళ్లు తాగం. సాయంత్రం దాకా ఒంటేలు ఆపుకుంటాం. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ముట్టు రోజుల్లో పొద్దంతా ఒకటే గుడ్డ. మిరపకాయ ఘాటు ఉత్త నీళ్లకు పోదు. నూనె రాసి, ఆపైన సబ్బుతో రుద్ది కడిగితేనే పోతుంది. ఆ చేత్తోనే గుడ్డ మార్చుకుంటే ఒకటే మంట. రాత్రి మొగుడి చేతులకూ అదే ఘాటు ఉంటుంది. తెల్లారి మంటగా ఉందంటే, చేతులు కడుక్కున్నారా అని ఎవరూ అడగరు. సంచి చెడిపోయిందేమో అంటారు.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. నెల మధ్యలో గుడ్డు విడుదలయ్యే రోజుల్లో జిగురుగా, వాసన లేకుండా కొంచెం తెల్లబట్ట కావడం మామూలే. పెరుగు విరిగినట్టు పడి దురద పెట్టినా, పచ్చగా మారినా, చెడు వాసన వచ్చినా, పొత్తికడుపు నొప్పి ఉన్నా చూపించుకోవాలి. వీటిలో ఎక్కువ భాగం మందులతోనే తగ్గిపోతాయి. కొన్ని కలయిక వల్ల అంటుకునేవి ఉంటాయి. అప్పుడు మొగుడూ పెళ్లామూ ఇద్దరూ మందు వాడాలి. ఆమె ఒక్కతే వాడితే మళ్లీ అంటుకుంటుంది. "మందులు వాడాం, తగ్గలేదు, ఇక తీయించేద్దాం" అనే మాట చాలా ఇళ్లలో ఇక్కడే పుడుతుంది.

కలిసినప్పుడు నొప్పికి ఇన్ఫెక్షన్ ఒక కారణం. మనసు లేకుండా, తొందరపెడితే ఒళ్లు సిద్ధం కాదు, తడి ఊరదు, రాపిడికి నొప్పి పుడుతుంది. కాన్పయ్యాక పాలిచ్చే నెలల్లోనూ పొడిబారుతుంది. దీనికి కావాల్సింది కత్తి కాదు. "నొప్పిగా ఉంది, ఆగు" అని ఆమె చెప్పగలగాలి, అతను ఆగాలి. మా గోర్‌బోలిలో తీజ్‌కు పాటలున్నాయి, అత్తారింటికి పోయే పిల్ల ఏడ్చే పాటలున్నాయి. ఈ ఒక్క మాట దగ్గరే నోరు పెగలదు.

నోరు పెగలని చోట భయం మాట్లాడుతుంది. "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని టౌనులో ఎవరో అంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, వచ్చే కోతలో కష్టాన్ని ముందే అమ్ముకుని బల్ల ఎక్కుతాం. తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ముప్పై దాటినవాళ్లు ముందే పరీక్ష చేయించుకుంటే దాన్ని మొదట్లోనే పట్టుకోవచ్చు. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

సంచి తీయక తప్పని జబ్బులూ ఉన్నాయి. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన సంచి అలాంటివి. కానీ సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై ఏళ్ల మనిషికి మర్నాటి నుంచే ముట్లుడిగిన ఒళ్లు వస్తుంది. ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, లోపల పొడిబారడం, ఎముకలు గుల్లబారడం. నొప్పి పోతుందని చేయించుకున్న మనిషికి కలయికలో కొత్త నొప్పి మొదలవుతుంది. మళ్లీ మిరప బస్తా ఎత్తమంటే నడుము లేవదు.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీ ఆడవాళ్ల సంగతి 2019లో దేశమంతా విన్నది. వాళ్లలో మన బంజారాలూ ఉన్నారు. అక్కడ చెరకు, ఇక్కడ మిరప, అంతే తేడా. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు తనవంతు చెప్పింది. చేలో నుంచి ఆటో దిగే ఆడదానికి ఆ సంగతి చెప్పాల్సింది చదువుకున్న మన పిల్లలే.

అందుకే ఆశ్రమ పాఠశాలల టీచర్లను అడుగుతున్నాం. పునరుత్పత్తి పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేయకండి. ఇంటి దగ్గర చెప్పేవాళ్లు లేరు. మగపిల్లల్ని బయటికి పంపకుండా చెప్పండి, రేపటి మొగుళ్లు వాళ్లే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ యాడి పెద్దాపరేషన్ అన్న రోజు మీరూ వెంట వెళ్లండి. డాక్టర్ని మూడు మాటలడగండి. ఏ జబ్బుకు తీస్తున్నారు? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? జవాబు విన్నాక సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు కూడా చూపించండి. సంతకం ఆ తర్వాతే పెట్టించండి.