వర్థమ్‌లో ఒక సమాధి

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమనగానే చమురు బావులు, పశువుల మందలు మనకు స్ఫురిస్తాయి. ఆ రాష్ట్రంలోనే, డాలస్ నగరానికి దక్షిణంగా రమారమి 80 మైళ్ల దూరాన, వర్థమ్ అనే చిన్న ఊరున్నది. ఒకప్పుడు ఆ చుట్టుపట్ల అంతా పత్తి చేలు. అక్కడ నల్లజాతివారి పాత శ్మశానం ఒకటి ఉన్నది. పాటలంటే ప్రాణమిచ్చేవారు దానిని వెదుక్కుంటూ వెళ్తారు. బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే అంధగాయకుణ్ణి పూడ్చినది అక్కడే.

ఆయన 1893లో ఆ ప్రాంతంలోనే, పాలికి సేద్యం చేసుకునే పేద కుటుంబంలో పుట్టాడు. గిటారు చేతబట్టి ఊరూరా తిరిగి, డాలస్ వీధులలో పాడి, నలుగురూ వేసిన డబ్బులతో బ్రతికాడు. తరువాత పారమౌంట్ కంపెనీవారికి రికార్డులిచ్చి పేరు గడించాడు. 1929 డిసెంబరులో, సొంత ఊరికి ఎంతో దూరాన, షికాగో నగరంలో కన్ను మూశాడు. దేహాన్ని టెక్సాస్‌కు తెచ్చి మట్టి చేశారు.

ఆయన పాటలలో ఒకదాని పేరు ‘సీ దట్ మై గ్రేవ్ ఈజ్ కెప్ట్ క్లీన్’. నా సమాధిని శుభ్రంగా ఉంచండి అని దాని భావం. బ్లూస్ అనే ఆ వీధిపాటలు చర్చికి పోయే భక్తులకు గిట్టేవి కావు. అందుచేత 1927లో ఈ పాటను మొదట విడుదల చేసినప్పుడు కంపెనీవారు గాయకుని అసలు పేరు దాచి, ఎవరో చర్చి పెద్ద పాడినట్లు వేరే పేరు వేశారు. 1928లో మళ్లీ పాడించి, సొంత పేరుతోనే విడుదల చేశారు. ఒకే పాట అటు గుడికీ, ఇటు వీధికీ చెందినదన్నమాట.

పాటలో తెల్ల గుర్రాలు వస్తాయి, గొయ్యి తవ్వే పార వస్తుంది. చర్చి గంట మాట వచ్చిన చోట గిటారు మంద్రపు తీగె అచ్చంగా గంటలాగే మోగుతుంది. ఇంతా చేసి ఆయన స్వర్గం కోరడు, కీర్తి కోరడు. ప్రభువు పేరు తలుస్తూనే ఒక్క చిన్న ఉపకారం అడుగుతాడు. ఆత్మ సంగతి దేవుడు చూసుకుంటాడు. గడ్డి పెరగకుండా చూడవలసినది మాత్రం మనుషులే కదా! ఆ భక్తిలోని ఆర్తి అంతా, వెనుక మిగిలినవారు తనను మరచిపోరాదన్నదే.

ఆ చిన్న కోరికే చాలాకాలం తీరలేదు. 1962లో బాబ్ డిలన్ తన మొదటి ఆల్బమ్‌లో ఈ పాట పాడాడు. అప్పటికి కూడ జెఫర్సన్ సమాధికి గుర్తు లేదు. 1967లో ఒక ఫలకం, 1997లో ఒక గ్రానైటు రాయి వెలిశాయి. 2007లో శ్మశానానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు ఊరివారి సంఘమొకటి దానిని శుభ్రం చేయిస్తూ ఉన్నది.

అయితే ఆయనను సరిగా ఏ చోట పూడ్చారో ఎవరికీ తెలియదు. కాబట్టి శ్మశానమంతా ఊడ్చితేగాని ఆయన మాట చెల్లినట్లు కాదు. తనకొక్కనికే అడిగిన ఉపకారం, పక్కన పడుకున్న పేరూ ఊరూ తెలియని వారికి కూడ దక్కుతున్నది.